ముంజేతి మీది వాక్యం ఎవరు చదవాలి?

పుస్తకాల అట్టల మీద పేర్లు రాసి బతికేవాణ్ని. ఈమధ్య అట్టలకంటే చేతులకే ఎక్కువ రాస్తున్నాను. టాటూ నేను వెయ్యను, సూది పట్టే కుర్రాడు వేరే ఉన్నాడు. కంప్యూటర్లో తెలుగు పెడితే ఒత్తులు విడిపోతున్నాయని వచ్చినవాళ్లను నా దగ్గరకు పంపిస్తాడు. వాళ్ల చేతిలో ఫోను, ఫోనులో ఓ వచనమో శ్లోకమో ఉంటుంది. కీర్తన 23, యిర్మీయా 29:11, ఫిలిప్పీ 4:13, గీతలో రెండో అధ్యాయం 47వ శ్లోకం. ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతారు. కూర్చోగానే అందరూ ఫాంట్ సంగతి ఎత్తుతారు. నేను మాత్రం ముందు ఒకటే అడుగుతాను: దీన్ని ఎవరు చదవాలి? నువ్వా, ఎదుటివాళ్లా, దేవుడా?

వేళాకోళానికి అడగడం లేదు. పచ్చబొట్టు చరిత్రంతా ఈ ప్రశ్నకు తలొక జవాబు చెప్పినవాళ్లదే. ఈజిప్టులోని కాప్టిక్ క్రైస్తవులు కుడి మణికట్టు లోపలివైపు చిన్న సిలువ పొడిపించుకుంటారు. చర్చి గుమ్మం దగ్గర చెయ్యి తిప్పి చూపిస్తే తమవాళ్లని తెలిసిపోతుంది. అది ఎదుటివాళ్లు చదవాల్సిన గుర్తు. ఈజిప్టు నుంచే జెరూసలేం వచ్చి స్థిరపడ్డ రజూక్ కుటుంబం యాత్రికులకు తరతరాలుగా పచ్చబొట్లు వేస్తోంది. చెక్కమీద చెక్కిన అచ్చును సిరాలో ముంచి చేతిమీద అద్ది, ఆ గీతల వెంట సూది నడిపేవారు. యాత్ర చేసొచ్చానని ఊళ్లో వాళ్లకు చూపించుకునే రుజువన్నమాట. 1862లో వేల్స్ యువరాజుగా ఉన్న ఏడో ఎడ్వర్డ్ కూడా జెరూసలేంలో చేతిమీద సిలువ వేయించుకున్నాడు.

ఛత్తీస్‌గఢ్ రామనామీలది ఇంకో జవాబు. గుడిలోకి రానివ్వని కులాలవాళ్లు పందొమ్మిదో శతాబ్దం చివర్లో పరశురామ్ అనే ఆయన వెంట నడిచి, ఒంటినిండా రామ నామం పొడిపించుకున్నారు. కొందరు నుదుటినీ కనురెప్పలనూ కూడా వదల్లేదు. గుడి తలుపు మూసినవాడు చదవక తప్పని రాత అది. ఇక మన నాయనమ్మలు, అమ్మమ్మలు ఎరుకల ఆడవాళ్ల ముందు చెయ్యి చాపి, ఆకుపసరు కలిపిన దీపపు మసితో పొడిపించుకున్న పచ్చబొట్లు ఉన్నాయి. నగలు ఇక్కడే ఉండిపోతాయి, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని వాళ్ల నమ్మకం. అంటే అది పైవాడు చదువుకునేది. లోకంలో ఎవరు చూసినా చూడకపోయినా వాళ్లకు పట్టింపు లేదు.

చదివేదెవరో తేలితే రాత కొలత తేలుతుంది. గీతా శ్లోకం అనుష్టుప్పు అయితే ముప్పైరెండు అక్షరాలు. సంస్కృతం కాబట్టి ఒత్తులు ఎక్కువ. కీర్తన 23 మొత్తం రాయాలంటే ఆరు వచనాలు. మణికట్టు మడతకూ మోచేతి మడతకూ మధ్య మిగిలే చోటు చాలామందికి జానెడుకు మించదు. మడతల దగ్గర సిరా త్వరగా చెదురుతుంది కాబట్టి రెండువైపులా రెండేసి వేళ్ల వెడల్పు వదలాలి. మిగిలినదాంట్లో ఇంగ్లిషు వాక్యం ఒక వరసలో సర్దుకుంటుంది. తెలుగుకు పైన గుడులు, ఏత్వాలు, కింద ఒత్తులు ఉన్నాయి. మన వరస ఒక్కటి ఇంగ్లిషు వరసలు రెండింటి ఎత్తు తింటుంది.

ఇరికిద్దామంటే చర్మం ఒప్పుకోదు. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతుంది కాబట్టి సిరా దాని కింది పొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున పడాలి. అక్కడ రక్షణ కణాలు దాన్ని మింగి పట్టుకుంటాయి. అవి చచ్చిపోతే కొత్త కణాలు వచ్చి మళ్లీ పట్టుకుంటాయి. అందుకే పచ్చబొట్టు పోదు. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ గీత అంచులు కాస్త కాస్త లావెక్కుతాయి కూడా. ఈ లావు తెలుగుకు చేసే చేటు చెప్పనలవి కాదు. ప పైన ఉన్న సందు పూడితే వ అవుతుంది. థ కడుపులోని చుక్క పక్కగీతలతో కలిసిపోతే మిగిలేది ధ. ధ కింది చిన్న గీత బొడ్డుకు అంటుకుంటే అది ద. ఈ రోజు ధర్మం అని వేయించుకున్నవాడు పదేళ్ల తర్వాత దర్మం అని చదివించుకుంటాడు. అందుకే అక్షరం ఒళ్లు ఎనిమిది మిల్లీమీటర్లకు తగ్గితే నేను రాయను. థ లోపలి చుక్కను అచ్చులో ఉన్నదానికంటే చిన్నది చేస్తాను, ధ గీతను కాస్త కిందికి లాగుతాను. కాగితం మీద వికారంగా ఉంటుంది, చేతిమీద నిలబడుతుంది.

ఫాంట్లకు ఇప్పుడు కరువు లేదు. సిలికానాంధ్ర పుణ్యమా అని రామభద్ర, ధూర్జటి, మండలి లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. రామభద్ర లావుపాటిది, బయటివాళ్లు దూరం నుంచి చదవడానికి సరిపోతుంది, కానీ లోపలి ఖాళీలు తక్కువ. ఏ ఫాంట్ తీసుకున్నా, బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల అమరిక ఎంచుకోకపోతే స్త్ర కాస్తా పొల్లులతో మూడు ముక్కలవుతుంది. హీబ్రూలో వేయించుకుందామని సరదా పడేవాళ్లకు ఇంకో గండం ఉంది. అది కుడి నుంచి ఎడమకు నడిచే రాత, తెలియని సాఫ్ట్‌వేర్ అక్షరాలన్నీ తిరగేసి పెడుతుంది. తాను చదవలేని లిపిలో దేవుడి మాట వేయించుకుంటే తప్పు పట్టుకునేవాళ్లు పక్కన ఉండరు.

సూదికి ముందు రాతను చర్మం మీదికి దించే స్టెన్సిల్ అంటించేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. ముంజేతిలో రెండు ఎముకలు. అరచెయ్యి తిప్పితే ఒకటి రెండోదాని మీదుగా దొర్లుతుంది, చర్మం దాంతో పాటు మెలి తిరుగుతుంది. అరచెయ్యి పైకి పెట్టి బల్లమీద తిన్నగా అంటించిన వరస, లేచి నిలబడి చెయ్యి వదిలేసరికి పక్కకు జారిపోతుంది. నిలబెట్టి, చెయ్యి వదిలేయమని చెప్పి, అప్పుడు అంటించాలి.

పోలీసు, సైనిక ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలైతే ఇంకో చదువరిని లెక్కలోకి తీసుకోవాలి, వైద్యపరీక్ష చేసే అధికారిని. కేంద్ర సాయుధ బలగాల నియామకాల్లో మతచిహ్నాలకు, పేర్లకు అనుమతి ఉంది. కానీ ముంజేతి మీదైతే లోపలివైపే ఉండాలి, అదీ సెల్యూట్ చెయ్యని ఎడమ చేతికే, ఆ భాగంలో నాలుగోవంతుకు లోపే. కుడిచేతికి వేయించుకుని తర్వాత లేజర్ దగ్గరకు పరుగెత్తేకంటే నోటిఫికేషన్ ముందే చదువుకోవడం చవక.

పాస్టరుగారు ఒప్పుకోరండీ అని మెల్లిగా అనేవాళ్లు కూడా వస్తారు. లేవీయకాండం 19:28 సంగతి అది. ఒంటిమీద గుర్తులు కూడదనే ఆ వచనం, చనిపోయినవాళ్ల కోసం దేహాన్ని కోసుకోవడాన్ని కూడా అక్కడే వద్దంటుంది. దాని అర్థం తేల్చడం నా పని కాదు. కానీ నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో ఒక చావు తర్వాత వచ్చేవాళ్లే. అందుకని ఆ వచనం ఒకసారి చదువుకుని రమ్మంటాను. చదివొచ్చి మానుకున్నవాళ్లూ ఉన్నారు, వేయించుకున్నవాళ్లూ ఉన్నారు.

తండ్రి పోయిన ఒక నర్సింగ్ అమ్మాయి కీర్తన 23 మొత్తం రాయమంది. “చోటు చాలదమ్మా” అన్నాను. “పోనీ చిన్న అక్షరాలతో రాయండి అంకుల్” అంది. ఎవరు చదవాలని అడిగాను. నైట్ డ్యూటీలో తానే చదువుకోవాలట, నాన్న పోయిన రాత్రి ఆయన పక్కన కూర్చుని చదివింది అదేనట. కంఠతా వచ్చినదాన్ని చేతిమీద అంతా రాయడం ఎందుకన్నాను. చివరికి అధ్యాయం, వచనం అంకెలు మాత్రమే మిగిలాయి. సూది కుర్రాడు మాత్రం నసిగాడు: “అక్కా, చెయ్యి కిందికి వదిలితే ఎదుటివాళ్లకు తలకిందులుగా కనబడుతుంది.” “చదివేది నేనే కదా తమ్ముడూ, నావైపే పెట్టు” అంది. అతను వాదించలేదు.

అప్పట్నుంచి తేల్చుకోలేనివాళ్లకు ఒక చిట్కా చెబుతున్నాను. కావాల్సిన వాక్యం బాల్ పెన్నుతో ముంజేతి మీద రాసుకోండి, చెరిగినప్పుడల్లా మళ్లీ రాసుకోండి, ఓ నెల రోజులు. వారం తిరిగేసరికి మీరు దానివైపు చూడటం మానేసి, పక్కవాళ్లు చూస్తున్నారా అని చూస్తుంటే అది బయటివాళ్లకోసం. తప్పేం లేదు, పెద్దగా, వాళ్లకు తిన్నగా కనబడేలా వేయించుకోండి. మళ్లీ మళ్లీ మీరే చూసుకుంటుంటే మీకోసం. అప్పుడు మూడు అంకెలు చాలు. రాయడమే మర్చిపోతే మాత్రం సూది దాకా వెళ్లే పని లేదు.