ఎలైజా నోట్లో నెత్తురు

బెర్నార్డ్ షా 'పిగ్మాలియన్' మూడో అంకాన్ని మా ఫ్రెండ్స్ ఒక చిన్న హాల్లో వేద్దామనుకున్నారు. తెలుగు చేసే పని నా మీద పడింది. వారంలో అయిపోతుందనుకున్నా. ఒకే ఒక్క మాట దగ్గర నెల రోజులు ఆగిపోయా.

సీన్ తెలిసిందే. కోవెంట్ గార్డెన్‌లో పూలమ్ముకునే ఎలైజాకి ప్రొఫెసర్ హిగ్గిన్స్ దొరసానుల ఉచ్చారణ నేర్పించి, మొదటి పరీక్షగా వాళ్ళమ్మ ఇంట్లో అతిథుల ముందు కూర్చోబెడతాడు. ఉచ్చారణకి వంక పెట్టేందుకు లేదు. కానీ చెప్పే కబుర్లన్నీ వాళ్ళ పేటవే: ఇన్‌ఫ్లుయెంజాతో పోయిందంటున్న అత్తని నిజానికి ఎవరో చంపేశారని తన అనుమానం, నాన్న తాగుడు, అలాంటివి. వెళ్తున్నప్పుడు ఫ్రెడ్డీ, పార్కు మీదుగా నడిచి వెళ్తారా అని మర్యాదగా అడుగుతాడు. ఆమె ఇచ్చే జవాబు మధ్యలో ఉంటుంది ఆ మాట. బ్లడీ.

1914 ఏప్రిల్ 11న లండన్ హిజ్ మెజెస్టీస్ థియేటర్లో మిసెస్ ప్యాట్రిక్ క్యాంప్‌బెల్ ఆ మాట అన్నప్పుడు జనం ముందు ఉలిక్కిపడి, తర్వాత నిమిషానికి పైగా నవ్వుతూనే ఉన్నారట. పేపర్లు ఆ మాటని అచ్చేయడానికి జంకాయి. కొన్నాళ్ళకి లండన్‌లో సరదాగా 'బ్లడీ' అనాల్సిన చోట 'పిగ్మాలియన్' అనడం మొదలైంది. ఒక బూతుకి నాటకం పేరు మారుపేరైపోయిందన్నమాట.

నా మొదటి డ్రాఫ్ట్‌లో "ఛస్తే నడవను" అని రాశాను. చదివితే బానే ఉంది, కానీ ఎవరూ ఉలిక్కిపడరు. మా పెద్దమ్మ రోజుకి పదిసార్లు అంటుంది ఆ మాట. రెండో డ్రాఫ్ట్‌లో కోపమొచ్చి, మనవాళ్ళు రోడ్డు మీద అలవోకగా వాడే అమ్మ తిట్టు పెట్టాను. ఎలైజా వేస్తున్న అమ్మాయి చదివి, "అన్నా, ఈ పిల్ల ఎవరి అమ్మనీ ఏం అనట్లేదు కదా?" అంది. నిజమే. మన తిట్ల సంచీలో చెయ్యి పెడితే దొరికేవి రెండే రకాలు. ఒకటి ఆడవాళ్ళ శరీరం, రెండోది కులం. రెండిట్లో ఏది తీసినా ఎలైజా అనని మాట ఆమె చేత అనిపించినట్టే. పేద పిల్ల కాబట్టి 'మాస్' తిట్టు పెట్టేస్తే సరిపోతుందనుకోవడంలో నా చులకన కూడా ఉందని అప్పుడు తట్టింది.

మరి ఆ ఇంగ్లీషు మాటలో ఉన్నదేంటి? నెత్తురే, కానీ ఎవరిది? షేక్‌స్పియర్ కాలంలో 'దేవుడి నెత్తురు' మీద ఒట్టు పెట్టేవాళ్ళు. నలిగి నలిగి అది 'స్‌బ్లడ్' అయింది. స్టేజీ మీద దేవుడి పేరుని ఆటగా వాడితే పది పౌండ్ల జరిమానా అని 1606లో చట్టం తెచ్చారు. 1622 నాటి 'ఒథెల్లో' ప్రతిలో ఇయాగో నోట ఉన్న ఆ ఒట్టు, మరుసటి ఏడు వచ్చిన ఫోలియోలో మాయమైంది. అంత పవిత్రమైన నెత్తురది. (ఆశీర్వదించడం అనే అర్థంలో వాడే 'బ్లెస్' కూడా పాత ఇంగ్లీషులో నెత్తురుతో గుర్తు పెట్టడం నుంచే పుట్టిందంటారు. దీవెనకీ తిట్టుకీ ఒకే తల్లి!)

కానీ 'బ్లడీ'కి ఆ ఒట్టుతో చుట్టరికం ఉందో లేదో తేలలేదు. 'బై అవర్ లేడీ', అంటే మేరీమాత మీద ఒట్టు, అరిగి బ్లడీ అయిందనే కథ బాగా తిరుగుతుంది గానీ నిఘంటుకారులు దాన్ని ఒప్పుకోరు. నాకు నచ్చిన వాదన ఇంకోటుంది. పదిహేడో శతాబ్దంలో తాగి గొడవలు చేసే పెద్దింటి కుర్రాళ్ళని 'బ్లడ్స్' అనేవారు. 'వాళ్ళలా తాగి' అనడం నుంచి ఈ మాట వచ్చిందని. జొనథన్ స్విఫ్ట్ అంతటి చర్చి మనిషి స్టెల్లాకి రాసిన ఉత్తరాల్లో ఎండ గురించి చెప్తూ దీన్ని మామూలుగా వాడేశాడు. విక్టోరియా కాలానికి అదే మాట పేదల నోటి కంపు అయిపోయింది. 1887లో గిల్బర్ట్-సల్లివన్‌ల 'రడీగోర్' ఒపేరా పేరు ఈ మాటని గుర్తు చేస్తోందని గోల చేస్తే, స్పెల్లింగ్‌లో ఒక అక్షరం మార్చాల్సి వచ్చింది.

ఇది మన దగ్గరికి వచ్చేసరికి తమాషాగా తలకిందులైంది. పాత తెలుగు సినిమాలో "బ్లడీ ఫూల్!" అనేది ఎవరు? నోట్లో పైపు, ఒంటి మీద డ్రెస్సింగ్ గౌను ఉన్న జమీందారు. డ్రైవర్‌నో, కూతురు ప్రేమించిన పేద హీరోనో అంటాడు. లండన్‌లో పూలమ్మిది, మద్రాసు స్టూడియోల్లో దొరది. అందుకే 'బ్లడీ'ని అలాగే ఉంచేయొచ్చు కదా అన్న సలహా పనికిరాలేదు. తెలుగు చెవికి ఎలైజా ఇంకో మెట్టు ఎక్కినట్టు వినిపిస్తుంది. షాకి కావాల్సింది కాలు జారడం.

ఆఖరికి "నా బొంద!" దగ్గర ఆగాను. బొంద అంటే శవాన్ని పాతే గొయ్యి. ఆ మాట అనేటప్పుడు ఎవరికీ గొయ్యి గుర్తు రాదు, బ్లడీ అన్నప్పుడు నెత్తురు గుర్తురానట్టే. ఎవరి అమ్మా లేదు, ఎవరి కులమూ లేదు. పైగా చక్కగా ఒత్తులు పలుకుతూ, గ్రాంథికం అంచున మాట్లాడుతున్న అమ్మాయి నోట్లోంచి అది ఊడిపడితే నవ్వొస్తుంది. రిహార్సల్‌లో వచ్చింది కూడా.

అయినా పూర్తిగా తృప్తి లేదు. దానికి కారణం క్లారా. ఈ సీన్లో అందరూ ఎలైజానే చూస్తారు గానీ, షా అసలు దెబ్బ క్లారా మీద వేశాడని నా అభిప్రాయం. ఆమె ఫ్రెడ్డీ చెల్లెలు. డబ్బు లేకపోయినా దర్జా ఒదలని ఇల్లు. ఎలైజా మాటలు లేటెస్ట్ ఫ్యాషన్ అని హిగ్గిన్స్ కోతలు కోస్తే నమ్మేసి, వెళ్తూ వెళ్తూ తానూ అదే మాట అంటుంది, గొప్పగా, కొత్త నగ పెట్టుకున్నట్టు. వాళ్ళమ్మ కుదేలవుతుంది. ఎలైజా అంటే మురికి, క్లారా అంటే స్టైల్. మాట ఒకటే. సినిమాలు ఈ మాటని రకరకాలుగా సర్దుకున్నాయి. 1938 సినిమాలో ఎలైజా నోట అది ఉంది. 1964 'మై ఫెయిర్ లేడీ'కి షాక్ చాలక, గుర్రప్పందాల్లో పిరుదుల మాటొకటి అరిపించారు. నవ్వు దక్కింది, క్లారా పోయింది.

మా క్లారా గేటెడ్ కమ్యూనిటీ పిల్ల. ఆమె "నా బొంద" అంటే హాల్లో ఎవరికీ తేడా తెలియలేదు, ఎందుకంటే అలాంటి పిల్లలు ఇప్పటికే రీల్స్‌లో ఆ మాట అనేస్తున్నారు. మనకంటే ముందే అరువు తెచ్చేసుకున్నారు. ప్రదర్శన వచ్చే నెల. స్క్రిప్ట్‌లో క్లారా డైలాగ్ దగ్గర ఇంకా ఖాళీ గీతే ఉంది.