ముసుగు వెనకవైపు

బ్రిటన్ వాళ్ల బాఫ్టా అవార్డు ఫోటో చూడని సినిమా పిచ్చోళ్లు ఉండరు. నాటకాల ముసుగులాంటి కంచు ముఖం, దాన్ని గుండెలకు హత్తుకున్న ఏ హీరోయినో. ఆ ముఖాన్ని 1955లో మిట్జి కన్లిఫ్ అనే శిల్పి తయారుచేసింది సినిమావాళ్ల కోసం కాదు, బ్రిటన్ టెలివిజన్ నిర్మాతల సంఘం కోసం. సరే, ఆ ముఖాన్ని వెనక్కి తిప్పి చూసినవాళ్లెందరు? వెనక ఒక కంటి చుట్టూ ఎలక్ట్రానిక్స్ గుర్తు, రెండో కంటి చుట్టూ తెర గుర్తు ఉంటాయి. ముందువైపు నటులది, వెనకవైపు పనివాళ్లది అని నా లెక్క. ముప్పై ఏళ్లుగా నేను ఆ వెనకవైపుకే అభిమానిని.

టెలివిజన్ పనివాళ్లకు బాఫ్టా 2000 నుంచి విడిగా క్రాఫ్ట్ అవార్డుల సభ జరుపుతోంది. అందులో నేను ఏటా ఎదురుచూసే అవార్డు పేరు ‘స్పెషల్, విజువల్ అండ్ గ్రాఫిక్ ఎఫెక్ట్స్’. మనవాళ్లు అన్నిటినీ కలిపి ‘గ్రాఫిక్స్’ అనేస్తారు గానీ ఈ మూడూ మూడు వేర్వేరు విద్యలు. స్పెషల్ అంటే కెమెరా ముందు నిజంగా జరిగేది: పేలుడు, పొగ, వాన, కూలే గోడ. విజువల్ అంటే షూటింగ్ అయ్యాక బొమ్మలో కలిపేది. గ్రాఫిక్ అంటే గీసింది, రాసింది. ఈ మూడు విద్యలకూ కలిపి ఒకే ముసుగు ఇస్తున్నారు. నా కడుపుమంటంతా ఇక్కడే ఉంది. దాని సంగతి తరవాత, ముందు మహానుభావులకు దండం పెట్టుకుందాం.

చరిత్ర చెప్పాలంటే చేతి తొడుగులతో మొదలుపెట్టాలి. 1953లో బీబీసీ ‘క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ అనే సీరియల్‌ను ప్రత్యక్ష ప్రసారంగా వేసింది. చివరి భాగంలో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో రాక్షసి కనపడాలి. రాక్షసికి డబ్బుల్లేవు. రచయిత నైజెల్ నీల్ తొడుగులకు ఆకులూ తొక్కలూ అంటించి, ఆబీ ఫోటోను పెద్దది చేయించి, దానికి కన్నం పెట్టి చేతులు దూర్చేశాడు. దేశమంతా జడుసుకుంది. మరుసటి ఏడు జాక్ కైన్, బెర్నార్డ్ విల్కీ అనే ఇద్దరితో బీబీసీ విజువల్ ఎఫెక్ట్స్ విభాగం పుట్టింది. 1963లో ‘డాక్టర్ హూ’ సీరియల్ కోసం రేమండ్ క్యూసిక్ డాలెక్ అనే యంత్రజీవిని గీశాడు. దాని చెయ్యి మన సింకు పూడుకుంటే వాడే రబ్బరు పంపు! మొదట కట్టింది నాలుగే డాలెక్‌లు. దండు కావాల్సినచోట వెనక వరసలో నిలువెత్తు ఫోటోలు నిలబెట్టారు.

ఇక నా దేవుడు డెరెక్ మెడింగ్స్. లండన్ పక్కన స్లౌ ఊళ్లోని పారిశ్రామికవాడలో, ఒక షెడ్డులో ‘థండర్‌బర్డ్స్’ తీశారు. తోలుబొమ్మలకు తమ్ముళ్లలాంటి తీగబొమ్మలు, అరచేతుల్లో పట్టే విమానాలు. 1965లో మొదలైన ఆ సీరియల్ భాగాలు 32. వాటిలో కారు పరిగెత్తే షాట్ చూడండి. బొమ్మ కారును దారం కట్టి లాగితే ఎగిరెగిరి పడుతుంది, ఆగినచోట ముందుకు తూలుతుంది. మెడింగ్స్ కారును కదలనివ్వలేదు. కింద రోడ్డును పొడవాటి పట్టీగా చేసి తిప్పాడు. కారు ముందున్న గడ్డి ఒక పట్టీ, వెనకున్న చెట్లు ఒక పట్టీ, ఆ వెనక ఆకాశం ఒక పట్టీ. దగ్గరిది వేగంగా, దూరంది నెమ్మదిగా. రైలు కిటికీలోంచి చూస్తే తాటిచెట్లు ఉరుకుతాయి, కొండ మనతోపాటే వస్తుంది కదా, అదే సూత్రం. థండర్‌బర్డ్ 1 విమానం బయల్దేరే గది గోడమీద ఏదో యంత్రంలా మెరిసేది నిమ్మకాయలు పిండుకునే పరికరం అని తెలిశాక నేను ఆ రోజంతా నవ్వుకున్నాను. తరవాత మెడింగ్స్ జేమ్స్ బాండ్ సినిమాలకు వెళ్లాడు. ‘సూపర్‌మ్యాన్’ బృందంతో కలిసి ప్రత్యేక ఆస్కార్ పంచుకున్నాడు. ఆయన దగ్గర పనిచేసిన బ్రయన్ జాన్సన్ ‘ఏలియన్’కు ఆస్కార్ కొట్టాడు. ఆ బొమ్మల షెడ్డు మరి ఏ విశ్వవిద్యాలయానికి తీసిపోయింది?

బొమ్మను నిజమని నమ్మించడంలో ఒక లెక్క ఉంది. అది తెలుసుకోవడానికి కిందటి దీపావళికి మా డాబా మీద రెండడుగుల అట్టమేడ కట్టాను. నిజం మేడ యాభై అడుగులనుకుంటే, నాది అందులో ఇరవై అయిదో వంతు. లక్ష్మీబాంబు పెట్టి మామూలుగా తీస్తే రెప్పపాటులో కూలిపోయింది. అట్టపెట్టె పగిలినట్టే ఉంది. కారణమేమంటే, బొమ్మ ఎంత చిన్నదైతే పడడానికి అంత తక్కువ సేపు పడుతుంది. ఆ తేడా వర్గమూలం లెక్కన ఉంటుంది. ఇరవై అయిదుకు వర్గమూలం అయిదు. కాబట్టి మామూలు వేగానికి అయిదింతలు, అంటే క్షణానికి 25 ఫ్రేములకు బదులు 125 ఫ్రేముల వేగంతో తీయాలి. మెడింగ్స్ బృందం క్షణానికి 120 ఫ్రేముల దాకా తీసేది. ఫోనులో స్లోమోషన్ పెట్టి ఇంకో మేడ పేల్చాను. ఈసారి గోడలు బరువుగా, తాపీగా ఒరిగాయి. మా మనవరాలు ‘తాతా, నిజంగానే కూలిందా?’ అంది. కానీ మంట నన్ను పట్టించేసింది. మేడను ఎంత చిన్నది చేసినా మంట నాలుకను చిన్నది చెయ్యలేం. నీటిచుక్కకూ అంతే. అందుకే బొమ్మల పనిలో నిప్పునూ నీటినీ గెలిచినవాడే మొనగాడు.

గ్రాఫిక్ విద్యలోనూ చేతులే గెలిచాయి. 1981లో వచ్చిన ‘హిచ్‌హైకర్స్ గైడ్ టు ద గెలాక్సీ’లో ఒక ఎలక్ట్రానిక్ పుస్తకం ఉంటుంది. దాని తెరమీద అక్షరాలు పరిగెడతాయి, రేఖాచిత్రాలు కదులుతాయి. చూసినవాళ్లంతా ‘అబ్బ, ఏం కంప్యూటరో’ అన్నారు. అక్కడ కంప్యూటరే లేదు! రాడ్ లార్డ్, ఆయన బృందం ఒక్కొక్క బొమ్మా చేత్తో గీసి, గీతల చోట వెలుగు దూరేలా చేసి, కింద దీపం, మధ్యన రంగు జెల్ కాగితాలు పెట్టి, కెమెరాతో ఫ్రేము తరవాత ఫ్రేము తీశారు. దానికి బాఫ్టా వచ్చింది. నాలుగేళ్లకు వచ్చిన మ్యాక్స్ హెడ్‌రూమ్ అనే పాత్ర కూడా అంతే. లోకం కంప్యూటర్ మనిషి అనుకున్నది మ్యాట్ ఫ్రూయర్ అనే నటుణ్ణి. మొహానికి అతికించిన మేకప్పు, ఒంటికి ఫైబర్‌గ్లాస్ కోటు. యంత్రం మనిషిని అనుకరించడం ఇప్పుడు చూస్తున్నాం. మనిషి యంత్రాన్ని అనుకరించి మెప్పించిన రోజులవి.

కంప్యూటర్ అంటే నాకు పగ లేదు. 1999లో ‘వాకింగ్ విత్ డైనోసార్స్’ చూసి నోరు తెరిచినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందులోనూ దగ్గరి షాట్లకు యంత్రాలతో కదిలే తలలు చేత్తో చేశారు, దూరం షాట్లకు ఫ్రేమ్‌స్టోర్ సంస్థ కంప్యూటర్‌లో జంతువుల్ని నడిపించింది. రెండూ కలిశాయి కాబట్టే పండింది. ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’కు 2020లోనూ, 2021లోనూ ఈ అవార్డు వచ్చింది. అందులో ప్రతి మనిషి పక్కనా ఒక జంతువు ఉంటుంది. తెరమీద కనపడేది కంప్యూటర్ జంతువే. కానీ షూటింగులో నటుల పక్కన బ్రయన్ ఫిషర్ లాంటి బొమ్మలాటగాళ్లు బొమ్మను ఆడించారు. నటి చూపు ఎక్కడ ఆగాలో, కోతి తల తిప్పితే తను ఎలా ఉలిక్కిపడాలో ఆ బొమ్మే నేర్పింది. చివరికి బొమ్మా, దాన్ని ఆడించినవాడూ తెరమీంచి మాయమయ్యారు, ఆట మాత్రం మిగిలింది. 2021 అవార్డులో ఫిషర్ పేరు కూడా చదివారు. ఆ మాట విని నాకు కళ్లు చెమర్చాయంటే నమ్మండి.

నేను జన్మలో మరిచిపోని అవార్డు మాత్రం 2014 నాటిది. దాని వెనక రెండు చావులున్నాయి. అర్ధశతాబ్దం మాయలు చేసిన బీబీసీ విజువల్ ఎఫెక్ట్స్ విభాగాన్ని 2003లో మూసేశారు. అందులో పనిచేసిన మైక్ టక్కర్ ‘మోడల్ యూనిట్’ అని సొంత దుకాణం పెట్టుకున్నాడు. కొత్త ‘డాక్టర్ హూ’లో అంతరిక్ష నౌక బిగ్‌బెన్ గడియారాన్ని గుద్దుకునే దృశ్యానికి ఆ గోపురాన్ని బొమ్మ కట్టి పగలగొట్టింది ఆయన బృందమే. అదే సీరియల్‌కు కంప్యూటర్ పని చేసిన ‘ద మిల్’ సంస్థ 2013లో తన టీవీ విభాగాన్ని ఎత్తేసింది. రోడ్డున పడ్డవాళ్లలో కొందరు కలిసి ‘మిల్క్’ మొదలుపెట్టారు. ఆ ఏడాది నవంబరు 23న ‘డాక్టర్ హూ’ యాభయ్యేళ్ల పండగ భాగం ‘ద డే ఆఫ్ ద డాక్టర్’ వచ్చింది. మరుసటి ఏడు బాఫ్టా ప్రకటించిన పేర్లు ఇవి: మిల్క్, రియల్ ఎస్‌ఎఫ్‌ఎక్స్, మోడల్ యూనిట్. ఇంట్లోంచి గెంటేసిన ఇద్దరు బిడ్డలు ఒకే వేదిక మీద ఒకే ముసుగు పట్టుకున్నట్టు తోచింది నాకు.

మరి ఇప్పుడు? ‘సీజీలో (కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో) చూసుకుందాం’ అన్న మాట మన స్టూడియోల్లో ఎంత వినపడుతోందో లోకమంతా అంతే వినపడుతోంది. తుపాకీ పేలితే అతికించిన మెరుపు. దెబ్బ తగిలితే అతికించిన నెత్తురు, అది కింద పడి మరక కాదు, గాల్లోనే ఆవిరైపోతుంది. ఎండలో నిలబడ్డ మనిషి నోట్లోంచి చలికాలం ఆవిరి. ఇది మాయ కాదు, బద్ధకం. ‘రెడ్ డ్వార్ఫ్’ సీరియల్ మీద చేసిన పాపమైతే మరీ ఘోరం. పీటర్ ర్యాగ్ బృందం ప్రాణం పెట్టి చేసిన నౌక బొమ్మల షాట్లు తీసేసి, 1998లో కంప్యూటర్ షాట్లు పెట్టి ‘రీమాస్టర్డ్’ అన్నారు. పాత గుడిలో రాతి నంది పీకేసి సిమెంటు నంది పెట్టినట్టుంది. అభిమానులు పాతదే కావాలన్నారు, ఎందుకనరు?

కంప్యూటర్ వైపు చేతుల గురించి కూడా ఒక మాట. మా పెద్దమ్మ మనవడు ఒక పెద్ద కంపెనీలో రోటో పని చేసేవాడు. పేరు వద్దు. రోటో అంటే షాట్‌లో మనిషిని వెనకున్న దృశ్యంలోంచి వేరుచేయడానికి ఫ్రేము ఫ్రేముకూ అంచు గీయడం. బ్రిటన్ టీవీలో క్షణానికి 25 ఫ్రేములు. నాలుగు క్షణాల షాట్ అంటే వంద సార్లు గీయాలి, గాలికి ఎగిరే జుట్టుతో సహా. ఒక బ్రిటిష్ సీరియల్‌కు మూడు నెలలు రాత్రి షిఫ్టు చేశాడు. ప్రసారమైన రోజు ఇంటిల్లిపాదినీ కూచోబెట్టి చివరి పేర్లు చూపించబోయాడు. పేరు రాలేదు. ‘పోన్లే పెదనాన్నా, షాట్ బాగుందిగా’ అన్నాడు. వాడు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో ఇలాంటి మన పిల్లలెందరో.

బాఫ్టా పెద్దలకు ఈ పత్రిక చేరదని తెలుసు. అయినా అడుగుతాను. కెమెరా ముందు చేసిన పనికి ఒక ముసుగు, కెమెరా తరవాత చేసిన పనికి ఇంకొకటి, గీసినదానికి మూడోది ఇవ్వండి. కంపెనీ పేరు ఒక్కటే చదవకండి, మనుషుల పేర్లు చదవండి. రోటో చేసినవాణ్ణి చివరి వరసలోనైనా కూచోబెట్టండి.

పాఠకులనూ ఒకటి అడుగుతాను. ఈసారి సీరియల్ అయిపోగానే ‘తరవాతి భాగం’ మీట నొక్కేముందు చివరి పేర్లు ఆఖరిదాకా రానివ్వండి. ఆ చిన్నక్షరాల్లో మన ఇంటిపేరు ఏదైనా కనపడుతుందేమో వెతకండి. మా వాడి పేరు కోసం నేనింకా వెతుకుతూనే ఉన్నాను.