కత్తెర పట్టే ముందు

లాటిన్‌లో ‘పుతారే’ అని ఒక క్రియ ఉంది. ద్రాక్షతీగను కత్తిరించడం పుతారే. పద్దులు సరిచూసుకోవడమూ పుతారే. ‘నేనిలా అనుకుంటున్నా’ అనడానికీ అదే. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో రోమన్ రచయిత కేటో రాసిన సేద్యపు పుస్తకంలో అది తోటపని మాట. తర్వాతి శతాబ్దంలో రోమన్ పండితుడు వార్రో దాని అసలు అర్థం ‘శుభ్రం చేయడం’ అన్నాడు: తోటమాలి చెట్టును శుభ్రం చేస్తాడు, లెక్కలవాడు పద్దును. మాటల పుట్టుక చెప్పడంలో వార్రో అప్పుడప్పుడు ఊహకు పోతాడు. కానీ 80వ ఏట వ్యవసాయం మీద పుస్తకం రాయడానికి కూర్చున్న మనిషిని కొట్టిపారేయడానికి మనసొప్పదు. ‘కలిపి’ అనే ఉపసర్గ చేరి కంప్యూటర్‌కూ, ‘చుట్టూ’ అనేది చేరి ఆంప్యుటేషన్‌కూ మూలమైంది ఈ క్రియే.

కోతకూ ఆలోచనకూ పొత్తేమిటన్న సందేహం మొక్కలు పెంచేవాళ్లకు రాదు. చలికాలం చివర్లో మల్లెకు ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తాను. కొత్త చిగురు మీదే పూస్తుంది కనుక పాత కొమ్మ మీద జాలి పనికిరాదు. కోయడం క్షణం పని. ఎక్కడ కోయాలో తేల్చుకోవడానికి పూట పడుతుంది.

ఆ తేల్చుకోవడం ఎలాగో క్రీస్తు శకం 1వ శతాబ్దంలో మరో రోమన్ సేద్య రచయిత కొలుమెల్లా చెప్పాడు. ద్రాక్ష కత్తిరించేవాడు మూడు చూడాలట: ఈ ఏటి కాపు, వచ్చే ఏటికి పనికొచ్చే రెమ్మ, తీగ ఆయుష్షు. ఒక్క కోతలో మూడు లెక్కలు. మన హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష రైతులు ఆ బరువును రెండుగా పంచుకున్నారు: వేసవి కత్తిరింపు రెమ్మ కోసం, అక్టోబరు కత్తిరింపు కాపు కోసం.

ఎన్ని లెక్కలు వేసినా పుతారే అంటే అనుకోవడమే, తెలియడం కాదు. తెలియడానికి లాటిన్‌లో ‘స్కీరే’ అని వేరే క్రియ ఉంది. ఏ కన్ను చిగురిస్తుందో ముందే తెలిసిన తోటమాలి లేడు. తెలిసేదాకా ఆగితే అదను దాటిపోతుంది. అందుకే కొలుమెల్లా వరసను నేను తిరగేసుకుంటాను: ముందు మొక్క బతుకు, ఆపైన వచ్చే ఏడు, చివరికి ఈ వేసవి పూలు. నా అంచనా తప్పితే పూలు తగ్గుతాయి. మొక్క ఉంటుంది కనుక మళ్లీ లెక్క చూసుకోవచ్చు.