‘నాకేం లోటు లేదు తల్లీ’ అన్నాక అడగాల్సిన ప్రశ్నలు

హైదరాబాదులో కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల చుట్టుపక్కల పెద్దవాళ్ళను చూసుకునే హోములు చాలానే వెలిశాయి. అక్కడుండేవాళ్ళ పిల్లల్లో కొందరిది మాదాపూర్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో ఉద్యోగం, మరికొందరిది అమెరికాలో. మంచం పక్కనున్న ఫైలు తీస్తే బీపీ, షుగరు, బరువు, మాత్రల వేళలు అన్నీ వరసగా రాసి ఉంటాయి. మనసు ఎలా ఉందో రాసే గడి మాత్రం చాలా ఫైళ్ళలో కనపడదు. నేను వెళ్ళేది ఆ గడి నింపడానికే. డిప్రెషన్‌ను ముందే పసిగట్టే ప్రశ్నలు అడగడం నా పని.

అడగకపోతే తెలియదా అంటే, తెలియదు. 2017-18లో పెద్దవయసువాళ్ళ మీద దేశవ్యాప్తంగా జరిగిన ‘లాసీ’ సర్వేలో, తమకు డిప్రెషన్ ఉందని డాక్టరు చెప్పారన్న పెద్దవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. అదే సర్వేలో లక్షణాలు ఒక్కొక్కటిగా అడిగి చూస్తే నూటికి ఎనిమిది మందికి పైగా తేలారు. నడుమ మిగిలినవాళ్ళంతా ‘వయసైపోయింది కదా, అంతే’ అనే మాట కింద మరుగున పడిపోయినవాళ్ళు.

ప్రశ్నపత్రాలకు కొదవ లేదు. పెద్దవాళ్ళ కోసమే పరిశోధకుడు యెసావేజ్ బృందం 1980లలో 30 ప్రశ్నల జీడీఎస్ (వృద్ధుల డిప్రెషన్ కొలమానం) తయారుచేసింది. 1986లో దాన్ని 15 ప్రశ్నలకు కుదించారు. అన్నింటికీ అవును, కాదు అంటే చాలు. నిద్ర, ఆకలి గురించి అందులో అడగరు. ఆ వయసులో వాటికి వేరే కారణాలు బోలెడు ఉంటాయి కాబట్టి కావాలనే వదిలేశారు. 2001లో వచ్చిన పీహెచ్‌క్యూ-9 తీరు వేరు. గడిచిన రెండు వారాల్లో తొమ్మిది ఇబ్బందులు ఎన్ని రోజులు పీడించాయో అడుగుతారు. మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించాలి.

కాగితం అందరికీ ఒకటే. గదిలో ఎవరున్నారన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ‘దిగులుగా ఉంటోందా?’ అని అడిగితే మన పెద్దవాళ్ళకు ‘మీ పిల్లలు సరిగా చూడటం లేదా?’ అని వినిపిస్తుంది. అవునంటే కొడుకు పరువు తీసినట్టే అనుకుంటారు. అందుకే ‘పిల్లలు రత్నాలు, నాకేం లోటు లేదు’ అని ముందే తలుపు వేసేస్తారు. నెలనెలా హోముకు డబ్బు కడుతున్నది ఆ పిల్లలే అయినప్పుడు ఆ తలుపు మరీ బిగుసుకుంటుంది.

కాబట్టి కాగితం తీసేముందు కాసేపు కబుర్లు చెప్పుకుంటాం. కూతురు పక్కనుంటే కాస్త కిందికి వెళ్ళి టీ తాగి రమ్మంటాను. ఆ తర్వాత చెబుతాను: ‘అమ్మా, పిల్లలు ఎంత బాగా చూసుకున్నా మోకాళ్ళ నొప్పి వస్తుంది కదా, ఇదీ అంతే. అడుగుతున్నది మీ అమ్మాయి గురించి కాదు, మీ గురించి.’ ఈ మాట చెప్పకముందు వచ్చే జవాబుకూ, చెప్పాక వచ్చే జవాబుకూ పోలిక ఉండదు.

తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ సాయంత్రం భజనకు రావడం మానేశారు. ‘ఆవిడకు మొదట్నుంచీ మనుషులంటే పడదు’ అని హోములో అనుకున్నారు. గదిలో కూర్చుని అడిగితే, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందని, అన్నం సయించడం లేదని, తను ఎవరికీ పనికిరానిదాన్నైపోయానని చెప్పారు. పీహెచ్‌క్యూ-9లో మార్కులు 14 వచ్చాయి. చెవి మిషను ఏదని అడిగితే సొరుగు చూపించారు. అందులో సెల్లు ఎప్పుడో అయిపోయింది. ‘పక్కనున్నవాళ్ళు ఏం పాడుతున్నారో వినపడదు తల్లీ, చప్పట్లు తప్పు కొడితే నవ్వుతారు’ అన్నారు. సెల్లు మార్చారు, సైకియాట్రిస్టుకూ చూపించారు. రెండూ అవసరమే.

చూపు, వినికిడి తగ్గడానికీ దిగులుకూ ఉన్న ఈ సంబంధాన్ని హైదరాబాదులోనే శాస్త్రీయంగా పరిశీలించారు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు ‘హోమ్స్’ పేరుతో నగరంలోని వృద్ధాశ్రమాలకు వెళ్ళి అక్కడివాళ్ళ చూపూ వినికిడీ ఎలా ఉన్నాయో చూశారు. పీహెచ్‌క్యూ-9 కూడా అడిగారు. చూపూ వినికిడీ రెండూ తగ్గినవాళ్ళలో డిప్రెషన్ ఎక్కువని తేలింది. శుక్లాల ఆపరేషన్, సరైన కళ్ళద్దాలు, పనిచేసే చెవి మిషను కూడా మనసుకు చేసే వైద్యంలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

అన్నింటికన్నా బరువైనది పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిదో ప్రశ్న, చావు ఆలోచనల గురించి. ‘ఆ పైవాడు ఎప్పుడు పిలుస్తాడో’ అన్న మాట మన పెద్దల నోట రోజూ వినేదే. అది విని కంగారు పడనక్కర్లేదు, అలాగని విననట్టు వదిలేయనూ కూడదు. పిలిచినప్పుడు వెళతాననడం వేరు, తానే వెళ్ళిపోవాలనుకోవడం వేరు. రెండింటిలో ఏదో తెలియాలంటే ‘ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా అమ్మా?’ అని సూటిగా అడగాల్సిందే. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే మాత్రం ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. మాత్రల డబ్బా అందనివ్వకూడదు. డాక్టరుకు అప్పటికప్పుడే ఫోన్ చేయాలి.

మార్కులు రోగనిర్ధారణ కావు. థైరాయిడ్ తేడా చేసినా, బీ12 తగ్గినా, కొన్ని మందుల వల్లా మనిషి ఇలాగే వాడిపోవచ్చు. అది తేల్చాల్సింది డాక్టరు. మతిమరుపు ముదిరినవాళ్ళకు 1988లో వచ్చిన కార్నెల్ స్కేలు ఉంది. అందులో చూసుకునేవాళ్ళనూ అడుగుతారు. రోజూ స్నానం చేయించే ఆయమ్మకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. సైకియాట్రిస్టు పేరెత్తగానే ‘నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపుతారా?’ అని బెదిరిపోయేవాళ్ళూ ఉన్నారు. చాలామందికి ఉన్న గదిలోనే ఉంటూ, మందులతో, మాటలతో నయమవుతుందని ఓపిగ్గా చెప్పాలి.

అమెరికా నర్సింగ్ హోముల్లో 2010 అక్టోబరు నుంచి పీహెచ్‌క్యూ ప్రశ్నలు అక్కడుండేవాళ్ళనే నేరుగా అడగాలన్న నియమం ఉంది. చేరినప్పుడూ, ఆపైన మూడు నెలలకోసారీ అడుగుతారు. ఇక్కడ అమ్మానాన్నలను చేర్చేముందు లిఫ్టు ఉందా, అంబులెన్సు ఉందా అని అడుగుతున్నాం. మనసు సంగతి ఎన్నాళ్ళకోసారి అడుగుతారు, ఎవరు అడుగుతారు, మార్కులు ఎక్కువొస్తే ఏం చేస్తారు అన్నవీ అడగండి. సలహా కావాలంటే టెలిమానస్ 14416కు, వృద్ధుల కోసమున్న ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు.

ఇంకొకటి పిల్లలు మాత్రమే చేయగలిగింది. ఈసారి ఫోన్ చేసినప్పుడు మీ అమ్మకు ఈ మాట చెప్పండి: ‘ఎవరైనా వచ్చి ఎలా ఉన్నావని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమ్మా, మేమేమీ అనుకోం.’