30 రోజుల పుస్తకం, 11 ఏళ్ళ నోట్‌బుక్

ఈ వ్యాసం రెండు పుస్తకాల గురించి. మొదటిది అమలాపురం బస్టాండ్‌లో కొన్న, తెలుగు ద్వారా అరబ్బీ నేర్పే "30 రోజుల్లో" బాపతు పుస్తకం. రెండోది అచ్చు కాలేదు, కాబోదు కూడా. మా పిన్ని కువైట్‌లో పనిచేసిన 11 ఏళ్ళలో రాసుకున్న 200 పేజీల రూళ్ళ నోట్‌బుక్ అది. మొన్న సంక్రాంతికి రాజోలు దగ్గర మా ఊరెళ్ళినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. సాహిత్య పత్రికలో వీటికేం పని అంటారా? భాష మీద ఇన్ని అభిప్రాయాలున్న మనం, భాష నేర్పే పుస్తకాలని పుస్తకాలుగా ఎప్పుడూ చదవలేదు. నాకైతే ఆ చదువు అవసరం పడింది.

ముందు నా సంగతి. ఆఫీసులో జర్మనీ వెళ్ళే అవకాశం ఉందన్నారు, బీ1 స్థాయి కావాలన్నారు. ఇంజనీర్ని కదా, ప్లాన్ వేశాను. రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా చదువు. రోజుకి 40 కొత్త మాటలు. డెర్, డీ, డస్‌లకి ఎక్సెల్ షీటు. ఫోన్‌లో యాప్, అందులో 212 రోజుల స్ట్రీక్. పరీక్షలో రాత భాగం గట్టెక్కింది. మాట్లాడే భాగంలో ఎదురుగా కూర్చున్నావిడ "వారాంతంలో ఏం చేస్తారు?" అనడిగితే నోరు పెగల్లేదు. నిజం చెప్పాలంటే నాకు వారాంతాలే లేవు! ఆ తర్వాత ఏడాది పాటు జర్మన్ అక్షరం చూస్తే తలనొప్పి వచ్చేది. స్ట్రీక్ తెగినరోజు మాత్రం సెలవిచ్చినట్టుంది.

సంక్రాంతికి పిన్ని ఫోన్‌లో ఎవరితోనో అరబ్బీలో పకపకా నవ్వుతూ మాట్లాడుతోంది. తను పెంచిన పిల్లట, ఇప్పుడు కాలేజీ చదువుతోందట. పిన్ని చదువు తొమ్మిదో క్లాసుతో ఆగింది. "ఎలా నేర్చుకున్నావు పిన్నీ?" అంటే ట్రంకుపెట్టె తీసి ఈ నోట్‌బుక్ చేతిలో పెట్టింది.

అచ్చు పుస్తకం సంగతి ముందు చూద్దాం. వరస ఇలా ఉంటుంది: అక్షరాలు, అంకెలు, వారాల పేర్లు, శరీర భాగాలు, పళ్ళు, కూరగాయలు, ఆ తర్వాత సంభాషణలు. జీతం గురించిన వాక్యాలు చివరి పాఠాల్లో వస్తాయి. పాస్‌పోర్ట్, అకామా అన్న మాటలు అసలు లేవు. రాజోలు, మలికిపురం, కొత్తపేట వైపు నుంచి గల్ఫ్ వెళ్ళే మనిషికి దానిమ్మపండు పేరు ముందు కావాలా, జీతం రాలేదని చెప్పడం ముందు కావాలా? అంటే ఈ పుస్తకం తన పాఠకుణ్ణి ఊహించుకోలేదు. ఇంకో భాషకి రాసిన మూసలో అరబ్బీ పోసింది.

అందులో నేర్పేది పుస్తకాల అరబ్బీ, అంటే పత్రికలూ వార్తలూ వాడేది. "ఎలా ఉన్నారు?" అనడానికి "కైఫ హాలుక్" అని ఉంది. అది మగవాణ్ణి అడిగే రూపం. పిన్ని నోట్‌బుక్‌లో అదే ప్రశ్న "శ్లోనిచ్" అని ఉంది. ఇది కువైట్ వాళ్ళు ఇళ్ళల్లో ఆడమనిషిని అడిగే మాట. పుస్తకంలో రేపటికి "గదన్", నోట్‌బుక్‌లో "బాచర్". నీళ్ళకి పుస్తకంలో "మా", నోట్‌బుక్‌లో "మాయ్". రెండూ తప్పు కాదు. కానీ పిన్నికి వినపడింది రెండోదే. మనల్ని గ్రాంథికంలో "ఏమి చేయుచున్నారు" అని పలకరించడం నేర్పి అమలాపురం సంతకి పంపితే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

ఇక నోట్‌బుక్. మొదటి పేజీలో తొమ్మిది మాటలే ఉన్నాయి. తర్వాతి పేజీల్లోనూ రోజుకి మూడో, నాలుగో. అన్నీ ఆ రోజు చెవినపడ్డవే. ఒకే మాట మూడు నాలుగు చోట్ల, ప్రతిసారీ కొంచెం వేరే స్పెల్లింగుతో కనిపిస్తుంది. చెవి బాగుపడే కొద్దీ రాత మారింది. తెలుగులో లేని శబ్దాల పక్కన "గొంతులోంచి" అని రాసుకుంది. అరబ్బీలో "ప" లేదు కాబట్టి పెప్సీ "బెబ్సీ" అయింది, "ప"తో మొదలయ్యే పిన్ని పేరు కూడా "బ" అయిపోయింది. బాగా వచ్చేసిన మాటల మీద అడ్డగీత కొట్టేసింది.

ఈ పద్ధతికి పెద్ద పేర్లున్నాయి. మరపు ఎంత త్వరగా మొదలవుతుందో, విరామాలిచ్చి మళ్ళీ మళ్ళీ చూస్తే ఎలా తగ్గుతుందో 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తనే ప్రయోగాలు చేసుకుని రాశాడు. 1972లో సెబాస్టియన్ లైట్‌నర్ దాన్ని అట్టముక్కలూ పెట్టెల పద్ధతిగా మార్చాడు. వచ్చిన మాట వెనక పెట్టెలోకి, రాని మాట ముందు పెట్టెలోకి. ఇవాళ మన ఫోన్లలో ఉన్న ఆంకీ లాంటివి ఆ దారిలోవే. నేను ఆంకీ వాడాను, కానీ రోజుకి 40 మాటలు కుక్కాను. పాత మాటలు బాకీల్లా పేరుకుపోయి, ఒకరోజు తెరిస్తే 600 కార్డులు ఎదురు చూస్తున్నాయి. పిన్ని దగ్గర అసలు బాకీయే లేదు. "రోజుకి నాలుగు మాటలకంటే పట్టేది కాదురా, ఒళ్ళు హూనమైపోయేది" అంది.

నోట్‌బుక్‌లో నన్ను ఆపేసింది మాత్రం ఒక ఖాళీ. 14వ పేజీ తర్వాత అయిదు నెలలు ఏమీ లేదు. మళ్ళీ మొదలయ్యేసరికి ఇంకు మారింది, ఇల్లు మారింది. మొదటి ఇంట్లో తప్పు మాట్లాడితే అరుపులట. "భయమేసి నోరు మూసుకున్నాను, చెవి కూడా మూసుకుపోయింది" అంది. ఆందోళనలో ఉన్నవాడికి విన్నది లోపలికి దిగదని స్టీఫెన్ క్రాషెన్ 1980ల్లో వాదించాడు. ఆయన సిద్ధాంతం మీద విమర్శలున్నాయి గానీ ఈ ఖాళీ పేజీ ముందు నాకు వాదించబుద్ధి కాలేదు. రెండో ఇంట్లో చిన్నపిల్ల ఉంది. పిల్లలు తప్పులకి నవ్వుతారు, అరవరు. మళ్ళీ మాటలు వచ్చాయి.

విశ్రాంతి సంగతీ ఆవిడే చెప్పింది. రాత్రి పడుకునే ముందు పక్కింట్లో పనిచేసే సఖినేటిపల్లి ఆవిడతో ఫోన్‌లో కాసేపు తెలుగు మాట్లాడుకునేవారట. "నాలిక కడుక్కున్నట్టుండేది." నేను ఆ ఏడు నెలల్లో ఒక్క తెలుగు కథ చదవలేదు. టైమ్ వేస్ట్ అనుకున్నాను.

ఇక్కడ మన బ్రౌన్‌ని తలుచుకోవాలి. 1820లో కడప వచ్చాడు, తర్వాత మా ఎగువన రాజమండ్రిలోనూ పనిచేశాడు. ప్రబంధాల కొండ ఎక్కడం కష్టమై, సులువుగా అర్థమయ్యే వేమనని పట్టుకున్నాడు. 1829లో ఆ పద్యాలని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. నిఘంటువు వచ్చింది 1852లో. 30 రోజులు కాదు, 30 ఏళ్ళ పైచిలుకు. తన స్థాయికి అందేదాన్నే ముందు పట్టుకోవడంలో బ్రౌనూ పిన్నీ ఒక బడి వాళ్ళే. తేడా ఒక్కటే. బ్రౌన్ పండితులకి జీతమిచ్చి నేర్చుకున్నాడు, పిన్ని జీతం తీసుకునే ఇంట్లో నేర్చుకుంది. ఎప్పుడు ఆపాలో బ్రౌన్ చేతిలో ఉంది. నా చేతిలోనూ ఉండేది, నేను ఆపలేదు. పిన్నికి ఆ వీలే లేదు.

అందుకే ఈ నోట్‌బుక్‌ని ఆకాశానికెత్తి వదిలేయలేను. అందులో ఒక్క అరబ్బీ అక్షరం కూడా లేదు. గలగలా మాట్లాడే పిన్ని, 11 ఏళ్ళూ చదవలేని కాగితాల మీద సంతకాలు పెట్టింది. ఓసారి అలా పెట్టిన సంతకంతో సెలవు డబ్బు పోయిందట. ఆ అక్షరాలు మాత్రం నేను తీసిపారేసిన 30 రోజుల పుస్తకంలో మొదటి పాఠంలోనే ఉన్నాయి. "అది కూడా కొన్నాను, రెండ్రోజులు చూసి పెట్టెలో పడేశాను. ఎవరైనా కూర్చోబెట్టి చెప్పుంటే బాగుండేది" అంది పిన్ని. ఎవరైనా ఈ పుస్తకాన్ని మళ్ళీ రాస్తే బాగుండు. మొదటి పాఠంలో జీతం, పాస్‌పోర్ట్, డాక్టరు. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో మాట్లాడే రూపాలు. రోజుకి నాలుగు మాటలు, పక్కన ఖాళీ గళ్ళు. అక్షరాలు కొంచెం కొంచెంగా, పుస్తకమంతా.

నేను మళ్ళీ జర్మన్ మొదలుపెట్టాను. పొద్దున్న అరగంట, రోజుకి అయిదు మాటలు, ఆదివారం సెలవు. ఈసారి ఒక నోట్‌బుక్ కొన్నాను. మొదటి పేజీలో, వారాంతంలో నేనేం చేస్తానో జర్మన్‌లో నాలుగు వాక్యాలు రాసుకున్నాను. మూడు నిజాలే.