కలిసి కనబడినవన్నీ కారణాలేనా?
మన పరిశోధనలలో సహసంబంధం వినియోగంపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

ప్రశ్నావళి పట్టుకొని సంఘాలకు వెళ్లి, వచ్చిన జవాబులను లెక్కగట్టి, వాటి ఆధారంగా సిద్ధాంత వ్యాసం రాయడం మన వేదాంత విద్యార్థులకు ఇప్పుడు కొత్త సంగతి కాదు. మనస్తత్వ శాస్త్రం నుండి తెచ్చుకున్న ఈ పద్ధతి కాపరి పరిచర్యకు మేలే చేసింది. విశ్వాసుల స్థితి మనకు తెలుసని అనుకోవడం మాని, వారినే అడిగి తెలుసుకొనే అలవాటు నేర్పింది. అయితే దానితోపాటు ఒక తొందరపాటు కూడా వచ్చింది. రెండు విషయాలు కలిసి కనబడగానే ఒకటి కారణమనీ, రెండవది దాని ఫలితమనీ రాసేస్తున్నాము. అది గ్రంథాలయంలోని వ్యాసంలోనే ఉండిపోతే నష్టం తక్కువ. ప్రసంగపీఠం మీదికి వెళ్లి, దుఃఖంలో ఉన్న మనిషి మీద తీర్పుగా మారితే మాత్రం నష్టం చాలా పెద్దది. ఈ వ్యాసంలో ఆ తొందరపాటును రెండు చోట్ల పరిశీలిద్దాము. ఒకటి మన సంఘ చరిత్ర రచనలో, రెండవది మన ఆత్మీయ సలహా పరిచర్యలో.

సహసంబంధం ఏమి చెబుతుంది?

ఒకరి నుండి మరొకరికి, ఒక రోజు నుండి మరొక రోజుకు మారుతూ, కొలవడానికి వీలైన లక్షణాన్ని చరం అంటారు. ఒక విశ్వాసి నెలలో ఎన్నిసార్లు ప్రార్థన కూడికకు వచ్చాడన్నది ఒక చరం. కృంగుదలను కొలిచే ప్రశ్నావళిలో అతనికి వచ్చిన మార్కు మరొక చరం. ఒకటి పెరిగినప్పుడు రెండవది కూడా పెరిగితే ధన సహసంబంధం అనీ, ఒకటి పెరిగినప్పుడు రెండవది తగ్గితే ఋణ సహసంబంధం అనీ అంటారు. 1888లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ ఆలోచనను ప్రతిపాదించగా, కార్ల్ పియర్సన్ దానికి నేడు మనం వాడే గణిత రూపం ఇచ్చాడు. ఈ గుణకం –1 నుండి +1 వరకు ఉంటుంది. సున్నాకు దగ్గరగా ఉంటే సరళరేఖ రూపంలో సంబంధం లేదని మాత్రమే అర్థం. రెండు చరాలు ఎంతగా కలిసి మారుతున్నాయో ఈ గుణకం చెబుతుంది. ఎందుకు కలిసి మారుతున్నాయో చెప్పదు.

కృత్తివెన్ను ప్రాంతంలో పరిచర్య చేసే కాపరికి ఈ సంగతి పుస్తకం కంటే రొయ్యల చెరువు గట్టు బాగా నేర్పుతుంది. ఏరియేటర్లు ఎక్కువ సేపు తిరిగిన రోజులను, రొయ్యలు నీటిపైకి తేలిన రోజులను ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూస్తే రెండూ చాలావరకు కలిసే కనబడతాయి. అంతమాత్రాన ఏరియేటర్ల వల్లనే రొయ్యలు తేలుతున్నాయని ఏ రైతూ అనడు. మబ్బు పట్టిన రోజు ఎండ చాలక నీటిలోని నాచు ఆక్సిజన్ తక్కువగా తయారు చేస్తుంది. రాత్రంతా చెరువులోని ప్రాణులన్నీ దానినే వాడుకుంటాయి. తెల్లవారుజాముకు ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యలు పైకి తేలడానికి కారణం అదే, రైతు ఏరియేటర్లు వేయడానికి కారణమూ అదే. పరిశోధన పద్ధతులలో దీనిని మూడవ చరం అంటారు. చెరువు విషయంలో రైతుకు ఉన్న ఈ వివేచన, మనుష్యుల విషయంలో మనకు తరచుగా లోపిస్తున్నది.

మూడవ చరాన్ని మరచిపోతే ఎంత పెద్ద గుణకమైనా మోసం చేయగలదు. జార్జ్ ఉడ్నీ యూల్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు 1926లో ఒక ఉదాహరణ చూపించాడు. 1866 నుండి 1911 వరకు ఇంగ్లండు, వేల్సులలో జరిగిన వివాహాలలో ఆంగ్లికన్ సంఘంలో జరిగినవి ఎంత శాతమో, ఆయా సంవత్సరాల మరణాల రేటు ఎంతో పోల్చితే గుణకం 0.95 వచ్చింది. గుడిలో పెండ్లిండ్లు తగ్గడం వల్ల మరణాలు తగ్గాయని ఎవరూ నమ్మరు. ఆ కాలమంతటా రెండూ వేరు వేరు కారణాలతో తగ్గుతూ వచ్చాయి, అంతే. ఏండ్ల తరబడి సంఘ సభ్యత్వపు లెక్కలను మరొక లెక్కతో పోల్చే మన విద్యార్థులు ఈ ఉదాహరణను గుర్తుంచుకోవాలి.

ఆపద, మారుమనస్సు, సంఘాభివృద్ధి

తెలుగు సంఘ చరిత్రలో తరచుగా వినబడే మాట ఒకటి ఉంది. కరవు వచ్చింది, సంఘం పెరిగింది. ఈ మాటను మిషనులను విమర్శించేవారూ వాడుతారు, సమర్థించేవారూ వాడుతారు. ఒకరు తిండి కోసం చేరారంటారు. మరొకరు దేవుడు ఆపద ద్వారా పిలిచాడంటారు. ఇద్దరూ ఒకే సహసంబంధం మీద నిలబడి, తమకు కావలసిన కారణాన్ని దానిపై మోపుతున్నారు.

దీనికి ముఖ్యమైన ఉదాహరణ ఒంగోలు. 1876–78 కరవు కాలంలో జాన్ ఎవరెట్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని కంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. అదే సమయంలో, 1877 మార్చి నుండి సుమారు 15 నెలలపాటు, బాప్తిస్మాలు ఇవ్వడం ఆపివేశాడు. సహాయం కోసమే వస్తున్నారన్న అనుమానానికి చోటివ్వకూడదని ఆయన ఉద్దేశం. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంవత్సరం ముగిసేసరికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

పరిశోధన దృష్టితో చూస్తే క్లౌ దొర చేసినది విలువైన పని. సహాయం అందే కాలాన్నీ బాప్తిస్మం పొందే కాలాన్నీ ఆయన వేరు చేశాడు. బాప్తిస్మం కూలికి షరతు అయివుంటే ఆ 15 నెలల తరువాత ఇంతమంది రావలసిన అవసరం లేదు. కాబట్టి అన్నం కోసమే చేరారన్న వాదన బలహీనపడుతుంది. అయితే మనవారు కొందరు చెప్పినట్లు అది పూర్తిగా రుజువైపోలేదు. పొందిన మేలుకు కృతజ్ఞత, మళ్లీ కరవు వస్తే అండ దొరుకుతుందన్న ఆశ, బంధువులంతా చేరుతుంటే వెనుకబడిపోతామన్న భావం, వీటిని 15 నెలల విరామం తొలగించలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఉద్యమం కరవుతో మొదలు కాలేదు. యర్రగుంట్ల పేరయ్య వంటివారి సాక్ష్యం ద్వారా 1866 నుండే మాదిగ పల్లెల బంధుత్వ మార్గాలలో సువార్త నడిచింది. కరవు అనేక గ్రామాలవారిని కాలువ పని దగ్గర ఒక్కచోట చేర్చింది. అక్కడ పనిని పర్యవేక్షించినవారు బోధకులే. అంటే కరవుకూ బాప్తిస్మానికీ మధ్య వినడం అనే మధ్యవర్తి చరం ఒకటి ఉన్నది. దానిని లెక్కలోకి తీసుకోని చరిత్ర సగం చరిత్రే.

మన కృష్ణా తీరాన్ని కూడా చూద్దాము. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. చర్చి మిషనరీ సొసైటీ సేవకులు 1841 నుండే ఆ పట్టణంలో ఉన్నారు. అయినా ఆ మిషను పనిలో పల్లె ప్రజల చేరికకు ఆరంభంగా మనం చెప్పుకొనేది ఉప్పెనను కాదు. 1859లో, అంటే ఉప్పెనకు 5 సంవత్సరాల ముందే, తీరానికి దూరంగా ఉన్న రాఘవాపురంలో పాగోలు వెంకయ్య పొందిన బాప్తిస్మాన్ని చెప్పుకొంటాము. ఆపద వెనుక ఉద్యమం వచ్చిన చోట్లను మాత్రమే ఏరి, ఆపద లేకుండా వచ్చిన చోట్లను వదిలివేస్తే సహసంబంధం ఉన్నదానికంటే బలంగా కనబడుతుంది.

మరొక పొరపాటు స్థాయికి సంబంధించినది. కరవు ఎక్కువైన తాలూకాలలో బాప్తిస్మాలు ఎక్కువ అని తేలినా, ఎక్కువ ఆకలిగొన్నవారే బాప్తిస్మం పొందారని తేలదు. 1950లో డబ్ల్యు. ఎస్. రాబిన్‌సన్ అమెరికాకు చెందిన 1930 జనాభా లెక్కలతో దీనిని చూపించాడు. రాష్ట్రాలవారీగా చూస్తే, విదేశాలలో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో నిరక్షరాస్యత తక్కువగా ఉంది. గుణకం –0.53. వ్యక్తులవారీగా చూస్తే, విదేశాలలో పుట్టినవారిలోనే నిరక్షరాస్యత కొద్దిగా ఎక్కువ. గుణకం +0.12. వలస వచ్చినవారు చదువు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో స్థిరపడటమే దీనికి కారణం. ప్రాంతం గురించిన లెక్క నుండి మనిషి హృదయం గురించిన తీర్పు తీయరాదు.

1933లో వెలువడిన జె. వాస్కం పికెట్ గ్రంథం, క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా, వ్యక్తులనే అడిగింది గనుక ఈ లోపాన్ని దాటింది. ఆయన పరిశీలించిన ప్రాంతాలలో తెలుగు ప్రాంతాలు కూడా ఉన్నాయి. క్రైస్తవులైన కారణాలను ఆత్మీయం, లౌకికం, సామాజికం, పుట్టుకతో వచ్చినవి అని నాలుగుగా విభజించి, వాటిని విశ్వాసుల ప్రస్తుత ఆత్మీయ స్థితితో పోల్చాడు. వచ్చిన ఉద్దేశం కంటే బాప్తిస్మం తరువాత దొరికిన బోధ, సంరక్షణ ముఖ్యమని ఆయన నిర్ధారణ. కాపరులకు ఇది ఎంతో ధైర్యమిచ్చే మాట. అయినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఏండ్ల క్రితం ఎందుకు చేరావని అడిగినప్పుడు మనిషి ఇప్పటి విశ్వాసంతోనే అప్పటి ఉద్దేశాన్ని జ్ఞాపకం చేసుకుంటాడు. అలాగే సంఘంలో మిగిలినవారిని అడిగే ఏ అధ్యయనానికైనా విడిచి వెళ్లినవారి జవాబు అందదు.

విశ్వాసం, కృంగుదల

ఇక మన పరిచర్యకు మరింత దగ్గరైన విషయానికి వద్దాము. కృత్తివెన్ను మండలంలో ఒక కాపరి తన సంఘంలో ప్రార్థన కూడికల హాజరునూ కృంగుదల మార్కునూ కొలిచాడని ఊహించుకొందాము. గుణకం –0.45 వచ్చిందనుకొందాము. దానిని వర్గం చేస్తే 0.20. అంటే కృంగుదలలో కనబడే తేడాలలో నూటికి 20 వంతులు మాత్రమే హాజరుతో ముడిపడి ఉన్నాయి. మిగిలిన 80 వంతుల సంగతి ఆ లెక్క చెప్పదు. అయినా ఆదివారం నాడు, ప్రార్థన మానినవారే కృంగిపోతారు అనే మాట బయటికి వస్తుంది.

ఇక్కడ దిశను అడగాలి. కృంగినవారికి నిద్ర ఉండదు, లేవబుద్ధి కాదు, నలుగురిలోకి రావాలంటే భయం. ప్రార్థన మానినందువల్ల ఆ సహోదరి కృంగిందా, కృంగినందువల్ల రాలేకపోతున్నదా? మూడవ చరాన్ని కూడా అడగాలి. చెరువులో నష్టం వచ్చి అప్పు మీద పడిన కుటుంబం సిగ్గుతో సంఘానికి దూరమౌతుంది, అదే అప్పుతో కృంగుతుంది కూడా. మరొక సంఘంలో ఫలితం తలక్రిందులుగా రావచ్చు. కష్టంలో ఉన్నవారే ఉపవాస కూడికలకు ఎక్కువగా వస్తే, హాజరు ఎక్కువైన వారిలోనే కృంగుదల ఎక్కువ కనబడుతుంది. ప్రార్థనే కృంగదీసిందని అప్పుడు చెబుతామా? ఏరియేటరును నిందించని మనం ఇక్కడా అదే వివేచన చూపాలి.

నిజమైన పరిశోధనలు ఏమి చెబుతున్నాయి? స్మిత్, మెకల్లో, పోల్ 2003లో 147 అధ్యయనాలను, అంటే 98,975 మంది సమాచారాన్ని, కలిపి పరిశీలించారు. మతనిష్ఠకూ కృంగుదల లక్షణాలకూ మధ్య సగటు గుణకం –0.096. సంబంధం ఉన్నది, మన ఆశకు అనుకూలంగానే ఉన్నది. కాని వర్గం చేస్తే నూటికి ఒక వంతు కూడా లేదు. జీవితంలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నవారిలో అది కొంత బలంగా కనిపించింది. 2005లో ఏనో, వాస్కన్సెలెస్ 49 అధ్యయనాలను పరిశీలించారు. దేవుడు తోడున్నాడనే నమ్మికతో కష్టాన్ని ఎదుర్కొనడం మెరుగైన మానసిక స్థితితోనూ, దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, విడిచిపెట్టాడు అనే భావంతో ఎదుర్కొనడం ఎక్కువ బాధతోనూ కలిసి కనబడ్డాయి. ఇక్కడ కూడా దిశ తేలలేదు. అయినా, కృంగిన మనిషితో ఇది నీ అవిశ్వాసానికి శిక్ష అని చెప్పే కాపరి ఏ భావానికి ఊతమిస్తున్నాడో ఆలోచించుకోవాలి.

యోబు స్నేహితుల పద్ధతి

ఇది వేదాంతానికి కొత్త ప్రశ్న కాదు. ఎలీఫజు వాదన (యోబు 4:7–8) గమనించండి. తాను చూసిన సంగతులను ఆధారం చేసుకొని, నాశనమైనవారు పాపులేనని ఒక సాధారణ నియమం తీసి, దానిని ఎదుట కూర్చున్న యోబుకు వర్తింపజేశాడు. ఆ స్నేహితులు యుక్తమైనది పలుకలేదని గ్రంథాంతంలో దేవుడే తేల్చాడు. పుట్టుగ్రుడ్డివాని విషయంలో శిష్యులు ఎవరి పాపమని అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే అంగీకరించలేదు (యోహాను 9:1–3). సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని చెప్పి, వింటున్నవారినే మారుమనస్సుకు పిలిచాడు (లూకా 13:1–5).

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయారు. పల్లపు నేల, సముద్రానికి దగ్గరగా ఉండటం, గాలికీ నీటికీ నిలువలేని పూరిండ్లు, ఇవి అక్కడి చరాలు. పేదవారే అటువంటి చోట అటువంటి ఇండ్లలో ఉండవలసి వచ్చింది. ఎవరి పాపం అని అడిగినవారు వీటిని చూడలేదు. ఆ ప్రశ్నను మనం మళ్లీ అడిగితే, బ్రతికి మిగిలినవారి మీద ఇంకొక భారం పెట్టినవారమౌతాము.

ముగింపు

సహసంబంధ అధ్యయనాలను మానుకోమని నా ఉద్దేశం కాదు. మనుష్యులకు కరవునో కృంగుదలనో కలిగించి పరీక్షించలేము గనుక మన రంగంలో ఇటువంటి అధ్యయనాలు తప్పవు. అయితే వ్యాసం రాసే విద్యార్థి కొన్ని జాగ్రత్తలు పాటించాలి. కారణమైంది అని రాయబోయిన చోట కలిసి కనబడింది అని రాయాలి. గుణకం వేయకముందు జవాబులను చుక్కలుగా గీసి చూడాలి. వంపు తిరిగిన సంబంధాన్ని గుణకం దాచివేస్తుంది. వీలైతే అదే వ్యక్తులను ఆరు నెలల తరువాత మళ్లీ అడగాలి. అప్పుడు ఏది ముందు వచ్చిందో కొంతైనా తెలుస్తుంది. కూడికలకు వచ్చినవారితోపాటు రానివారి ఇండ్లకు కూడా ప్రశ్నావళి తీసుకొని వెళ్లాలి.

ఈ చివరి జాగ్రత్త కాపరికి మరింత అవసరం. రిజిస్టరులో పేరు కనబడని సహోదరి ఎందుకు రావడం లేదో ఏ గుణకమూ చెప్పదు. ఆమె ఇంటికి వెళ్లి, కూర్చొని, ఆమె చెప్పేది వినాలి. కృంగుదల తీవ్రంగా ఉంటే వైద్యుని దగ్గరకు తోడు వెళ్లాలి.