సముద్రం కనిపించకపోయినా సరే

ఇంగ్లండులో గోల్ఫ్ సెలవులంటూ బయల్దేరే మిత్రులు దాదాపు ఒకే చిట్టాతో వస్తారు. ఓపెన్ జరిగే కోర్సులన్నీ అందులో వరసగా ఉంటాయి: కెంట్‌లో రాయల్ సెయింట్ జార్జెస్, లివర్‌పూల్ పక్కన హోయ్‌లేక్, సౌత్‌పోర్ట్‌లో బర్క్‌డేల్, ఆ పైన లిథమ్. టీవీలో చూసినవి కదా, ముచ్చటపడటం సహజం. కానీ కెంట్ ఆగ్నేయ మూల, లిథమ్ వాయవ్య మూల. రోజంతా మోటార్‌వే మీద కారు తోలి, భుజాలు పట్టేసి, మర్నాడు పొద్దున్నే టీ మీద నిలబడితే ఆట ఏం సాగుతుంది? నన్నడిగితే చిట్టా పక్కనపెట్టి ఒక్క తీరం ఎంచుకుని అక్కడే మకాం వేయమంటాను.

ఫొటోలు చూసి ఎంచుకునేవాళ్లు ఇంకొందరు. నీలం సముద్రం, కొండ అంచున పచ్చటి గ్రీన్. చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ అలాంటివి చాలావరకు లింక్స్ కావు. లింక్స్ అంటే తీరానికీ పొలాలకీ మధ్య మిగిలిన ఇసుక దిబ్బల నేల. పంటకు పనికిరాదు. వాన నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి, ఫెస్క్యూ లాంటి సన్నగడ్డి మాత్రం బతుకుతుంది. అందుకే అక్కడ నేల గట్టిగా ఉండి, పడిన బంతి సిమెంటు గచ్చు మీద గోళీలా దొర్లుకుంటూ పోతుంది. లిథమ్‌నే చూడండి. చుట్టూ ఇటుక ఇళ్లు, ఒక పక్క రైలు పట్టాలు, సముద్రం జాడే లేదు. మొదటి హోలే పార్ త్రీ. ఓపెన్ వేదికల్లో అలా మొదలయ్యేది అదొక్కటే. బంకర్లు 170కి పైనే. సెవె బాయెస్టెరోస్ 1979లోనూ 1988లోనూ ఓపెన్ గెలిచింది ఇక్కడే. సముద్రం చూడాలంటే ఆట అయ్యాక నడిచి వెళ్లి చూడొచ్చు.

ఏ తీరం అంటే మాత్రం నేను తడుముకోను. లివర్‌పూల్ నుంచి సౌత్‌పోర్ట్ వెళ్లే లోకల్ రైలు ఎక్కమంటాను. హాల్ రోడ్‌లో దిగితే 1873 నాటి వెస్ట్ లాంకషర్ క్లబ్. ఫ్రెష్‌ఫీల్డ్‌లో దిగితే పైన్ చెట్ల మధ్య ఫార్మ్‌బీ. ఇంగ్లండులో అరుదైపోయిన ఎర్ర ఉడతలు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. ఏన్స్‌డేల్‌లో సౌత్‌పోర్ట్ అండ్ ఏన్స్‌డేల్ క్లబ్, 1933లోనూ 1937లోనూ రైడర్ కప్ ఆడిన చోటు. హిల్‌సైడ్ స్టేషన్‌కు నడిచే దూరంలో రెండున్నాయి, హిల్‌సైడ్, బర్క్‌డేల్. బ్యాగు భుజాన వేసుకుని రైలెక్కితే అక్కడ ఎవరూ వింతగా చూడరు. 1969 రైడర్ కప్‌లో జాక్ నిక్లాస్, టోనీ జాక్లిన్‌తో ఆఖరి పట్ కొట్టించకుండానే ఇచ్చేసి మొత్తం పోటీని 16–16తో సమం చేసింది బర్క్‌డేల్‌లోనే. అక్కడ ఆడాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. కానీ వేసవిలో ఒక్క రౌండుకే 300 పౌండ్లు దాటుతుంది. బర్క్‌డేల్ ఒక్కసారి చాలు, మిగతా రోజులు పొరుగు క్లబ్బులకు ఇవ్వండి. ఇసుక అదే, గాలీ అదే.

ఆ గాలి గురించి కొంచెం చెప్పాలి. మెర్సీ నది అవతల వాలసీ అనే క్లబ్ ఉంది. అక్కడి సభ్యుడు డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్. ఈదురుగాలిలో ఒక్క హోల్ చెడితే రోజంతా పాడైపోతోందని, మొత్తం దెబ్బలు లెక్కపెట్టడం మాని హోల్‌కిన్ని పాయింట్లు ఇచ్చే పద్ధతి పెట్టాడు. 1932లో ఆ పద్ధతిలో పోటీ జరిగింది వాలసీలోనే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆదివారం పూట మనం లెక్కపెట్టే పాయింట్లకు పుట్టిల్లు ఆ దిబ్బలే. హోయ్‌లేక్ కూడా అక్కడికి దగ్గరే. 2023 ఓపెన్‌లో మన శుభంకర్ శర్మ ఎనిమిదో స్థానం పంచుకున్న కోర్సు అది.

గాలి ఉన్నచోట ఒకే కోర్సు రెండుసార్లు ఆడటం దండగ కాదు. నిన్న ఎదురుగాలిలో డ్రైవర్, పెద్ద ఐరన్ రెండూ వాడినా అందని గ్రీన్, ఇవాళ గాలి వెనక నుంచి తోస్తే చిన్న ఐరన్‌కే దాటిపోతుంది. వెడ్జ్‌తో బంతిని పైకెత్తి గ్రీన్ మీద ఆపే అలవాటు మనది, తడిపి పెంచిన మెత్తటి గడ్డి మీద అబ్బిన అలవాటు. అక్కడ పైకి లేచిన బంతి గాలి సొత్తు. గ్రీన్‌కు ముప్పై గజాల ముందు నుంచే పట్టర్ తీసి నేలమీద దొర్లించడం మొదట్లో నామోషీగా అనిపిస్తుంది. రెండో రౌండుకు అదే ముద్దొస్తుంది. కొత్త కోర్సుల వెంట రోజూ పరిగెత్తేవాళ్లకు ఆ రెండో రౌండే దొరకదు.

జనం తక్కువ ఉన్నచోటు కావాలంటే వేరే తీరాలున్నాయి. నార్ఫోక్‌లో బ్రాంకస్టర్ ఉంది. పెద్ద పోటు వస్తే క్లబ్‌హౌస్ దారి నీళ్లలో మునుగుతుంది, కాబట్టి టీ టైమ్ అడిగేముందు పోటు వేళల పట్టిక చూడాలి. డెవన్‌లో వెస్ట్‌వర్డ్ హో! ఊళ్లో 1864 నాటి రాయల్ నార్త్ డెవన్ ఉంది. ఊరి ఉమ్మడి బీడు కనుక ఫెయిర్‌వేల మీద గొర్రెలు, గుర్రాలు మేస్తుంటాయి. అక్కడ క్యాడీ కుర్రాడిగా బ్యాగులు మోసిన జె.హెచ్. టేలర్ అయిదు ఓపెన్లు గెలిచి, ముసలితనంలో ఆ క్లబ్బుకే ప్రెసిడెంటయ్యాడు. నాకు ఈ రెండూ ఇష్టమే కానీ, మొదటిసారి వెళ్లేవాళ్లకు చెప్పను. దారి దూరం, రైలు సుఖం లేదు.

లండన్‌లో పిల్లల దగ్గరికి వెళ్లి రెండు రోజులే చేతిలో ఉంటే కెంటే మేలు. శాండ్‌విచ్‌లో సెయింట్ జార్జెస్, దాన్ని ఆనుకుని ప్రిన్సెస్, కాస్త అవతల డీల్, మూడూ ఓపెన్ చూసినవే. శనాదివారాలు సాధారణంగా సభ్యులవి, వారం మధ్య రోజులు అడగండి. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ వెంట ఉంచుకోండి, పెద్ద క్లబ్బులు అడుగుతాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదికీ వెలుతురుంటుంది గానీ ధరలూ అప్పుడే ఎక్కువ. అక్టోబరైతే రేట్లు దిగుతాయి, ఇసుక నేల కనుక బురదా ఉండదు. చేతులకు ఉన్ని గ్లవ్స్ మాత్రం మరిచిపోవద్దు.